ముఖం ఒకరిది, పట్టుచీర ఇంకొకరిది

అమలాపురంలో ఫ్లెక్సీల షాపు పెట్టి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ఎంతమంది పెద్దాయనలకి కోటు తొడిగానో, ఎంతమంది మామ్మలకి పట్టుచీర కట్టానో లెక్క లేదు. పెద్ద కార్యానికి ఫ్లెక్సీ కావాలని వస్తారు, చేతిలో చూస్తే ఆధార్ కార్డు జిరాక్సు ఉంటుంది, లేదా ఎవరి పెళ్ళిలోనో బంతిలో కూర్చుని పులిహోర నోట్లో పెట్టుకుంటుండగా తీసిన వాట్సాప్ ఫోటో. "మా అమ్మగారండి, ఉన్నది ఇదొక్కటే, కొంచెం బాగా చెయ్యండి" అంటారు. బాగా చెయ్యడమంటే ఏంటో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నా కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉంది. దాని పేరు బయటికి చెబితే బాగోదు గానీ, అందులో తల లేని ఆడవాళ్ళు ఓ నలభై మంది పట్టుచీరలు కట్టుకుని, నగలు పెట్టుకుని కూర్చుని ఉంటారు. పీఎస్‌డీలంటాం వాటిని. ఫోటోలో తల మెడ దాకా కట్ చేసి, తెచ్చి ఆ ఒంటి మీద పెట్టి, చర్మం రంగు కలిపి, తల వెనకాల కాస్త వెలుగు పెడితే అరగంటలో పని అయిపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్నామధ్య ముక్తేశ్వరం వైపు నుంచి ఒకాయన వచ్చాడు. బాబుకి మొదటి పుట్టినరోజు. "రాజుగారి డ్రెస్సు వెయ్యండి, నీలం రంగైతే బాగుంటుంది, వాళ్ళమ్మకి నీలం ఇష్టం" అన్నాడు. సరేనని నెట్‌లో వెతికితే ఒక కుర్రాడు దొరికాడు. నిలువెత్తు బొమ్మ, ఒళ్ళంతా మెరిసే నీలం పట్టు, చేతిలో తెల్ల ఈకల టోపీ, ఒక చెయ్యి నడుం మీద. ఆ కుర్రాడి తల తీసేసి ఏడాది బాబు తల పెట్టాను. అసలు కుదరలేదు, పదమూడేళ్ళ ఒంటి మీద పాలబుగ్గలు ఎలా కుదురుతాయి? కానీ ఆయన మాత్రం "సూపరండి, ఆయ్" అని ఆరు బై నాలుగు ప్రింటు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేనే ఆ బొమ్మ దగ్గర ఉండిపోయాను.

రోజంతా ఫోటోలని నాలుగు వందల శాతం జూమ్ చేసి చూసే కళ్ళు నావి, అలవాటుకొద్దీ ఆ నీలాన్ని కూడా జూమ్ చేశాను. చేస్తే నీలం లేదు. ఒక బూడిద రంగు గీత, దాని పక్కన పచ్చ కలిసినట్టున్న నీలం, దాని మీద అడ్డంగా తెల్లగా గీకినట్టు ఒకటి, మధ్యలో కాస్త నలుపు. మా చిన్నది క్రేయాన్స్‌తో గోడ మీద గీసినవి గుర్తొచ్చాయి. వెనక్కి వస్తే మళ్ళీ పట్టు, మడతలతో సహా. ఓ పది సార్లు ముందుకీ వెనక్కీ వెళ్ళి ఉంటాను. ఆ రాత్రి షాపు మూసేసరికి పదకొండు దాటింది, ఇంటికెళ్ళి తిట్లు తిన్నాను.

ఆ బొమ్మ వేసినాయన పేరు థామస్ గెయిన్స్‌బరో. 1727లో ఇంగ్లండులో సఫోక్ అనే ప్రాంతంలో సడ్‌బరీ అనే ఊళ్ళో పుట్టాడు, తొమ్మిది మంది పిల్లల్లో ఆఖరివాడు. అది నేత ఊరు, తండ్రిది బట్టల వ్యాపారం. మన బండారులంక లాంటి ఊరనుకోండి. బట్ట ఎలా ముడుచుకుంటుందో, వెలుతురు పడితే ఎక్కడ మెరుస్తుందో ఆయనకి చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే తెలిసుండాలి, ఇది మాత్రం నా ఊహ. పదమూడేళ్ళప్పుడు లండన్ పంపేశారు. అక్కడ గ్రావెలో అనే ఫ్రెంచి కళాకారుడి దగ్గర పని నేర్చుకున్నాడు. 1746లో మార్గరెట్ బర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఒక డ్యూకుగారికి పెళ్ళి బయట పుట్టిన కూతురు, ఆవిడ పేర ఏడాదికి 200 పౌండ్లు వచ్చేవి. ఆర్టిస్టు ఇంట్లో నెల జీతంలా వచ్చే డబ్బు ఉంటే ఎంత ధైర్యమో నాకు తెలుసు, నా భార్య టీచరు.

తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చేసి, 1750 ప్రాంతంలో ఆండ్రూస్ దంపతుల బొమ్మ వేశాడు. దీన్ని మా నాన్నకి ఫోన్లో చూపించాను. ఎడమవైపు ఓక్ చెట్టు కింద బెంచీ మీద నీలం గౌనులో ఆవిడ, పక్కన తుపాకీ చంకలో పెట్టుకుని ఆయన, కింద కుక్క. మిగతా సగం పొలమే. మా నాన్న మనుషుల వంక చూడనే లేదు. "గోధుమా? సాలు తిన్నగా ఉంది, ఎవరో శ్రద్ధగా విత్తారు" అన్నాడు. నిజమే, గింజల్ని చేత్తో చల్లకుండా వరసలో వేసే యంత్రం అప్పట్లో కొత్త, ఆ వరసలు బొమ్మలో కనబడతాయి. ఇంకాసేపు చూసి "పనలు కట్టి నిలబెట్టారు, కోసినోళ్ళేరీ?" అన్నాడు. ఒక్కరూ లేరు. పొలం నాది, పెళ్ళాం నాది, కుక్క నాది అని చూపించుకోడానికి వేయించుకున్న బొమ్మలో కూలీ ఎందుకుంటాడు. ఆఖర్న "ఆవిడ ఒళ్ళో ఆ మచ్చేంటి?" అని అడిగాడు. అది మచ్చ కాదు, రంగు వెయ్యకుండా వదిలేసిన చోటు. ఆయన కొట్టుకొచ్చిన పిట్టని పెడదామనుకున్నాడని కొందరూ, పుట్టబోయే బిడ్డ కోసం ఖాళీ ఉంచారని కొందరూ అంటారు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఒళ్ళో ఖాళీ అలాగే ఉంది.

1752లో ఇప్స్‌విచ్‌కి, 1759లో బాత్‌కి మారాడు. బాత్ అంటే వేడినీళ్ళ బుగ్గలున్న ఊరు. డబ్బున్నవాళ్ళంతా ఆరోగ్యం వంకతో వచ్చి సీజనంతా అక్కడే ఉండేవారు, సంబంధాలు కుదుర్చుకునేవారు, పనిలో పనిగా బొమ్మ వేయించుకునేవారు. తల వరకు వేస్తే 5 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) తీసుకునేవాడు కాస్తా గిరాకీ పెరిగి సగం ఒంటికి 40, నిలువెత్తుకి 100 గినీల దాకా వెళ్ళాడు. ఇంత సంపాదిస్తూ, విలియం జాక్సన్ అనే సంగీతం స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ ముఖాల పని విసుగెత్తిపోయింది, నా వాయిద్యం పట్టుకుని ఏదో ఒక పల్లెకి పోయి చెట్లూ చేమలూ వేసుకుంటూ బతకాలనుందని వాపోయాడు. వయోలా ద గాంబా అని, కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించేది, దాని మీద పిచ్చి ఆయనకి. పల్లెకి పోలేదనుకోండి, ఎవరం పోతాం. రాళ్ళు, ఎండిన ఆకులు, అద్దం ముక్కలు తెచ్చి బల్ల మీద పేర్చుకుని, దాన్నే కొండా చెరువూ అనుకుని చూసి వేసుకునేవాడట. ఆ మాట నాకు భలే నచ్చింది, మా పిల్లలు సంక్రాంతికి బొమ్మల కొలువులో అద్దం ముక్క పెట్టి గోదారి అంటారు.

ఇక నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డ సంగతి చెబుతాను. అప్పటి లండన్లో పీఎస్‌డీలు ఉన్నాయి! పేరున్న పెయింటర్లు ముఖం మాత్రం వేసి, మిగతా ఒళ్ళంతా బట్టలు వేసే పనివాళ్ళకి పంపేసేవారు. వాన్ ఏకెన్ అని ఒకాయన ఉండేవాడు, ఊళ్ళో సగం మంది పెయింటర్లకి పట్టు, లేసు, సిల్కు గౌన్లు ఈయన చేతి మీదే. 1749లో ఆయన పోతే, హోగార్త్ అనే ఇంకో పెయింటర్, ఆ శవం వెనకాల పెయింటర్లంతా గుండెలు బాదుకుంటూ నడుస్తున్నట్టు కార్టూన్ గీశాడు. నా ఫోల్డర్ కరప్ట్ అయినప్పుడు నా పరిస్థితి అచ్చం అదే. రాయల్ అకాడమీ అనే పెయింటర్ల సంఘానికి అధ్యక్షుడు, పెద్ద పెయింటర్ సర్ జాషువా రేనాల్డ్స్ కూడా బట్టల పనికి పీటర్ టామ్స్ లాంటివాళ్ళని పెట్టుకున్నాడు. గెయిన్స్‌బరో మాత్రం చీర అంచు దాకా, అంటే గౌను అంచు దాకా, తనే వేసుకునేవాడు. సాయానికి ఉన్నది ఒక్క మేనల్లుడే, గెయిన్స్‌బరో డుపాంట్ అని, వాడూ 1772లో చేరాడు. కిటికీలు మూసేసి మసక వెలుతురులో, ఆరడుగుల కర్రలకి కట్టిన కుంచెలతో, ఎదుటి మనిషికి తను ఎంత దూరంలో నిలబడ్డాడో గుడ్డకీ అంతే దూరంలో నిలబడి వేసేవాడట. ఆ దూరం సంగతి చదివాక గానీ నా జూమ్ గోల అర్థం కాలేదు. దగ్గరగా చూసి వేసినవి కావవి.

నీలం డ్రెస్సు కుర్రాడు 1770లో అకాడమీ ప్రదర్శనకి వెళ్ళాడు. ఆ డ్రెస్సు ఆ కుర్రాడిది కాదు, ఆ కాలానిదే కాదు. అంతకి నూటపాతికేళ్ళకి పైగా ముందు వాన్ డైక్ అనే పెయింటర్ వేసిన దొరబిడ్డల ఫ్యాషన్ అది, పెయింటర్ల దగ్గర ఉండే వేషం. అంటే ముక్తేశ్వరం బాబుకి నేను వేసింది వేషం మీద వేషం. ఎక్స్‌రే తీస్తే కింద ఇంకెవరో పెద్దమనిషి తల బయటపడింది, మూల ఒక తెల్ల కుక్క కూడా, దాని మీద రాళ్ళు వేసి కప్పేశాడు. గుడ్డ వృథా చెయ్యలేదన్నమాట. బొమ్మ మధ్యలో నీలం వాడకూడదన్న రేనాల్డ్స్‌కి బుద్ధి చెప్పడానికే ఇది వేశాడని కథొకటి తిరుగుతుంది, రేనాల్డ్స్ ఆ మాట అన్నది 1778లో, ఎనిమిదేళ్ళ తర్వాత, కాబట్టి దాన్ని వదిలెయ్యండి. 1921లో దీన్ని అమెరికా ఆయన హంటింగ్టన్ 7 లక్షల డాలర్ల పైచిలుకు పెట్టి కొన్నాడు. ఓడెక్కించే ముందు, 1922 జనవరిలో, లండన్లో పెడితే 90 వేల మంది వచ్చి చూశారట. సరిగ్గా నూరేళ్ళకి, 2022 జనవరిలో, నాలుగు నెలల కోసం మళ్ళీ లండన్ తెచ్చారు.

ఇలాంటి వేషం వేసినాయనే, ఆ మరుసటి ఏడాది, 1771లో, లార్డ్ డార్ట్‌మత్ అనే పెద్దాయనకి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ఆయన భార్యని ఏదో ఊహాలోకపు బట్టల్లో వేశాడు. పోలిక రాలేదని గొడవ. దానికి గెయిన్స్‌బరో ఏమన్నాడంటే, నా మాటల్లో చెబుతున్నాను, నాటకంలో వేషగాడికి గొంతుంది, నడకుంది, ఏ వేషం కట్టినా ఫలానావాడని తెలిసిపోతుంది, బొమ్మకేముంది, ఒక్క వైపు నుంచి కనబడే ముఖం, "ఇదిగో నేనే" అని చెప్పడానికి ఒక్క నరం కదలదు, దానికి మళ్ళీ ఎవరివో బట్టలు కడితే పెయింటరు ఏం చావాలి? ఆవిడ రోజూ కట్టుకునే బట్టల్లో వేస్తే పోలిక దానంతటదే వస్తుంది అని.

ఇది చదివి నేను కళ్ళు మూసుకుంటే కనబడింది మా హాల్లో గుమ్మం మీద ఉన్న నానమ్మ పటం.

మన ఇళ్ళల్లో పటం ఎక్కాలంటే పోవాలి. నానమ్మ పోయినప్పుడు నేను ఏడో తరగతి. ఆవిడకి సొంత ఫోటో లేదు. ఎవరి ఓణీల ఫంక్షన్లోనో తీసిన గ్రూపు ఫోటోలో వెనక వరసలో నిలబడి ఉంది, దాన్నే పట్టుకెళ్ళి టౌన్లో ఒక ఆర్టిస్టు చేత ఆయిల్ రంగుల్లో పెద్దది చేయించారు. ఆయన మంచి పనివాడే. ముక్కు, పెదాలు, నుదుటి మీద పుట్టుమచ్చ అన్నీ ఉన్నాయి. ఎరుపు మీద జరీ అంచు పట్టుచీర కట్టాడు, మెడలో కాసులపేరు వేశాడు, చేతికి గాజులు నిండుగా పెట్టాడు. నానమ్మ జన్మలో కాసులపేరు పెట్టుకోలేదు. ఆవిడకున్నవి బండారులంక నేత చీరలు నాలుగు, అన్నిటికీ కొంగు చివర పసుపు మరక, మోకాళ్ళ దాకా ఎగదోపుకుని కొబ్బరి పీచు మధ్యలో కూర్చుని ఉండేది. ఎండ వైపు తిరిగి మాట్లాడుతూ ఒక కన్ను చికిలించేది, పిలిచేటప్పుడు పేరు సగమే పిలిచేది. ప్రతి తద్దినానికీ పటం దించి తుడిచి బొట్టు పెడుతూ మా నాన్న ఇదే మాట: "ఎవరో జమీందారు గారి భార్యరా ఈవిడ." ఇన్నేళ్ళూ ఆర్టిస్టుకి పోలిక కుదరలేదని అనుకున్నాను. పోలిక కుదిరింది. చీర కుదరలేదు.

అయితే చీర మారిస్తే ఎప్పుడూ అబద్ధమే అవుతుందా అంటే, కాదు. బాత్‌లోనే 1768 నవంబరు 29న ఇగ్నేషియస్ సాంచో అనే ఆయన బొమ్మ వేశాడు. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చే ఓడలో పుట్టినవాడని అంటారు, అప్పటికి మాంటేగ్యూ డ్యూకుగారి ఇంట్లో నౌకరు. నౌకరు అంటే వాళ్ళిచ్చిన యూనిఫారంలో ఉండాలి. బొమ్మలో అది లేదు, బంగారు అంచు ఎర్ర వెయిస్ట్‌కోటు, దాంట్లోకి దోపిన చెయ్యి, అప్పటి పెద్దమనుషులు నిలబడే తీరు. 1 గంటా 40 నిమిషాల్లో వేశాడని ఆ బొమ్మ వెనకాల రాసి ఉంది. దాన్ని పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను, ఆ కళ్ళల్లో చిన్న నవ్వు, ఎవరో వెనకాల ఏదో అంటే వింటున్నట్టు. తర్వాత సాంచో వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, సంగీతం రాశాడు, 1774లో పార్లమెంటు ఎన్నికల్లో ఓటేశాడు. అక్కడ నల్లజాతివాళ్ళలో ఓటేసినట్టు తెలిసిన మొదటి మనిషి ఆయనేనని చాలాకాలం అనుకునేవారు. అంటే బట్టలు ముందొచ్చాయి, మనిషి తర్వాత వాటిలోకి వచ్చాడు. నానమ్మ కాసులపేరులోకి రాదు కదా.

కూతుళ్ళ బొమ్మల గురించి ఎక్కువ రాయలేను. మేరీ, మార్గరెట్ అని ఇద్దరు. ఐదారేళ్ళప్పుడు, 1756 ప్రాంతంలో, చెయ్యీ చెయ్యీ పట్టుకుని సీతాకోకచిలుక వెంట పడుతున్నట్టు వేశాడు. అది ముళ్ళ మొక్క మీద వాలింది, చిన్నది చెయ్యి చాపేసింది, ఇంకో క్షణంలో గుచ్చుకుంటుంది. పెద్దదానికి అనుమానం వచ్చినట్టుంది, ముఖంలో తెలుస్తుంది. ఇంకో బొమ్మలో వాళ్ళ చేతుల్లో పిల్లి ఉండాలి, గీతల్లోనే ఉంది, రంగు వెయ్యలేదు. రెండూ సగంలో ఆపేసినవే. డబ్బిచ్చినవాళ్ళవి చాలామటుకు పూర్తిచేశాడు, ఇంట్లోవాళ్ళవి వదిలేశాడు, మన ఇళ్ళల్లో వడ్రంగి ఇంటి తలుపులాగ. మేరీ 1780లో ఫిషర్ అనే సంగీతకారుణ్ణి చేసుకుంది, కొన్నాళ్ళకే విడిపోయారు, తర్వాత మతి నిలకడ తప్పింది. చెల్లెలు పెళ్ళి చేసుకోకుండా 1820లో తను పోయేదాకా అక్కని చూసుకుంది. ఇది తెలిశాక ఆ సీతాకోకచిలుక బొమ్మ మళ్ళీ తెరవలేదు.

1774లో లండన్ వెళ్ళాక రాజుగారి కుటుంబాన్ని వేశాడు. 1784లో ముగ్గురు రాకుమార్తెల బొమ్మని తను చెప్పిన ఎత్తులో తగిలించలేదని అకాడమీతో తెగతెంపులు చేసుకుని, ఇంట్లోనే ప్రదర్శన పెట్టుకున్నాడు. ఎత్తు గోల చాదస్తం అనుకునేరు, ఏ దూరం నుంచి చూడాలో లెక్కేసి వేసినవాడికి అది ప్రాణం. (నా ఫ్లెక్సీని కరెంటు స్తంభం పైన కడితే నాకూ మండుతుంది.) 1788లో వారన్ హేస్టింగ్స్ మీద విచారణ చూడ్డానికి వెళ్ళి కూర్చుంటే మెడ మీద చల్లగా తగిలినట్టయిందట, చూస్తే గడ్డ, చివరికి క్యాన్సర్. ఆ హేస్టింగ్స్ మన హేస్టింగ్సే, ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్‌గా ఇక్కడ పనిచేసినవాడు, అప్పటికి మన గోదావరి సీమ ఆ కంపెనీ చేతికి వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. పోయేముందు రేనాల్డ్స్‌కి కబురు పెట్టాడు, జీవితమంతా పడని మనిషికి. ఆయన వచ్చాడు. ఆగస్టు 2న పోయాడు, లండన్ పక్కన క్యూ అనే ఊళ్ళో సెయింట్ ఆన్ చర్చి ఆవరణలో సమాధి.

ఆ డిసెంబర్లో రేనాల్డ్స్ విద్యార్థులకి చెప్పిన ఉపన్యాసం మొత్తం గెయిన్స్‌బరో మీదే. దగ్గరికెళ్తే అర్థం లేని గీతలు, గీకుళ్ళు, కాస్త దూరం జరిగితే ఏదో మాయలా అన్నీ చోట్లకొచ్చి కూర్చుంటాయి అన్నాడు. పోలిక ఎందుకు అంత బాగా వస్తుందో కూడా చెప్పాడు: సగం చెప్పి వదిలేస్తాడు, మిగతా సగం ఆ మనిషిని ఎరిగినవాళ్ళు తమ జ్ఞాపకంలోంచి నింపుకుంటారు. దానికే ఒక మెలిక పెట్టాడు, అసలు మనిషిని ఎరగనివాళ్ళు చూస్తే తలో రకంగా ఊహించుకుంటారు అని.

మెలికని నేను పట్టించుకోలేదు. గత ఆదివారం ఆ ఓణీల ఫంక్షన్ ఫోటో ఆల్బం లోంచి తీసి స్కాన్ చేశాను. పీఎస్‌డీ పెట్టలేదు. ముఖం ఉన్నదున్నట్టు, చికిలించిన కన్నుతో సహా ఉంచేసి, నేత చీరని నాలుగు గీతల్లో వేసి, కింద అంతా తెల్లగా వదిలేశాను. ప్రింటు తీసి ఇంటికి తెచ్చి, చాప మీద పరిచి, ఐదడుగులు వెనక్కి జరగమన్నాను నాన్నని. చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కన్ను అమ్మదే" అన్నాడు. తర్వాత "చీర సగంలో ఆపేశావేం? ఇంకు అయిపోయిందా?" అన్నాడు.

ఇంతలో మా చిన్నది వచ్చింది. దానికి ఆరేళ్ళు. "ఇదెవరు?" అంది.

"తాతమ్మే" అన్నాను.

ఒకసారి కిందకి, ఒకసారి గుమ్మం మీద ఎర్ర పట్టుచీర వైపు చూసింది.

"కాదు, తాతమ్మ అదిగో" అంది.